పొరుగువాని భాష

ఒకే తరగతిలో, ఒకే పుస్తకమును, ఒకే ఉపాధ్యాయురాలి యొద్ద చదివిన ఇద్దరు పిల్లలలో ఒకరు రెండు సంవత్సరములలో క్రొత్త భాషను ధారాళముగా మాటలాడుదురు. మరియొకరు ఆరేండ్లయినను నోరు మెదపరు. దీనికి కారణమేమి? తలిదండ్రులను అడిగినయెడల, "దానికి తెలివి ఉన్నది, దీనికి లేదు" అందురు. ఉపాధ్యాయులలో కొందరు, "శ్రద్ధ లేదు" అందురు. నేను హైదరాబాదు నగరములో అబిడ్స్ ప్రాంతమునందలి ఒక బాలికల పాఠశాలలో ముప్పదిరెండు సంవత్సరములు తెలుగు బోధించితిని. నా యొద్ద చదివినవారిలో అనేకులకు తెలుగు ఇంటిభాష కాదు, బడిలో నేర్చుకొనవలసిన రెండవ భాష. ఇంతకాలములో నేను గ్రహించిన సంగతి యొకటి కలదు. తెలివియు శ్రద్ధయు కావలసినవే గాని, భాష విషయములో వాటికంటె ముందుగా వేరొకటి పనిచేయుచున్నది. బిడ్డ యెవరి ప్రక్కన కూర్చుండెను? ఎవరు ఆమెతో ఆడుకొనిరి? ఎవరు ఆమెను చూచి నవ్విరి? ఆమె యింటిభాషకు ఆ గదిలో ఏపాటి గౌరవము కలదు? ఈ ప్రశ్నలను గూర్చియే చదువరులతో కలిసి కొంచెము ఆలోచింపగోరుచున్నాను.

మా ప్రాంతమును ఎరుగనివారికొరకు రెండు మాటలు చెప్పవలెను. అబిడ్స్ అను పేరు, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలములో ఆబిద్ అను పరదేశీయుడు తెరచిన దుకాణమునుబట్టి వచ్చినది. నాంపల్లి పేరు, గోల్కొండ సుల్తానుల కొలువులోని నేక్‌నాం ఖాన్ అను ప్రభువు పేరిట కలిగినదని చెప్పుదురు. అట్లయిన ఆ పేరులో ముందు భాగము పారసీకము, వెనుక భాగము మన తెలుగు పల్లి. ఇట్టి చోట భాషలు ఒకదానినొకటి రాచుకొనక తప్పదు. 1907లో కట్టబడిన నాంపల్లి స్టేషనులో దిగినవాడు హమాలీతో ఒక భాషయు, టికెట్టు గుమాస్తాతో మరియొక భాషయు మాటలాడును. యూసుఫైన్ దర్గా వీధిలో ఉర్దూ వినబడును. బేగంబజారు, సుల్తాన్ బజారు దుకాణములలో మార్వాడీ, గుజరాతీ వినబడును. జాంబాగులో 1907లో స్థాపింపబడిన వివేకవర్ధని పాఠశాల ప్రాంతమున మరాఠీ వినబడును. జనవరి ఒకటవ తేదీనుండి నలుబదియైదు దినములు నాంపల్లి మైదానములో జరుగు నుమాయిష్‌కు పోయినయెడల, కాశ్మీరు శాలువల వర్తకుడు మన పల్లెటూరి అవ్వతో బేరమాడుట చూడవచ్చును. ఇద్దరిలో ఎవరికిని ఎదుటివాని భాష సరిగా రాదు. అయినను బేరము కుదురును.

ఈ వీధులలోనే పేరుపొందిన పాఠశాలలు అనేకములు దగ్గర దగ్గరగా నున్నవి. సెయింట్ జార్జి పాఠశాల 1834లోను, ఆల్ సెయింట్స్ 1855లోను, స్టాన్లీ బాలికల పాఠశాల 1895లోను, రోజరీ కాన్వెంటు 1904లోను, లిటిల్ ఫ్లవర్ 1953లోను ఆరంభమైనవి. సాయంకాలము గంట కొట్టినప్పుడు ఈ పాఠశాలల ద్వారములయొద్ద నిలువబడి వినుడి. లోపల ఇంగ్లీషు మాటలాడిన బిడ్డలు ద్వారము దాటిన వెంటనే నాలుగైదు భాషలలోనికి చీలిపోవుదురు.

ఏ పంతులును నేర్పకుండనే ఈ నగరపు జనులు ఒకరి భాష నొకరు ఎంతగా నేర్చుకొనిరో చూడుడి. మా హైదరాబాదు ఉర్దూను దక్కనీ అందురు. అందులో వద్దు అనుటకు 'నక్కో' అందురు. ఇది మరాఠీనుండి వచ్చిన మాట. "వస్తానని చెప్పినాడు" అని తెలుగులో మనము 'అని' చేర్చునట్లే, వారు 'బోల్కే' అను మాటను చేర్చుదురు. అనగా తెలుగు వాక్యపు వెన్నెముక వారి ఉర్దూలోనికి చేరినది. అట్లే తెలంగాణపు తెలుగులోనికి దవాఖానా, జాగా, పరేషాను, జల్ది మొదలైన మాటలు చేరి, ఇప్పుడు అవి మన యింటి మాటలైనవి. వీటికి పాఠ్యపుస్తకము లేదు, పరీక్ష లేదు. నీళ్ళ కుళాయియొద్ద, కిరాణా దుకాణముయొద్ద, పెండ్లి పందిరిలో, ఒకరితో ఒకరికి పని పడినచోట ఇవి చేతులు మారినవి.

అయితే పాఠశాలలో సంగతి వేరుగా నుండును. అక్కడ భాషలకు వరుస సంఖ్యలు కలవు. మా రాష్ట్రపు పదవ తరగతి పద్ధతిలో తెలుగు బిడ్డకు తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయ భాష, ఇంగ్లీషు తృతీయ భాష. హిందీని ప్రథమ భాషగా తీసికొన్న బిడ్డకు తెలుగు ద్వితీయ భాష యగును. ఇది కాగితముమీది వరుస. బిడ్డల మనస్సులలోని వరుస ఇట్లుండదు. కాగితముమీద మూడవదైన ఇంగ్లీషే అక్కడ సింహాసనముమీద కూర్చుండియుండును. నేను బోధించిన కాలములో తక్కిన విషయములలో ఉత్తీర్ణతకు నూటికి 35 మార్కులు కావలసియుండగా, ద్వితీయ భాషకు 20 మార్కులు చాలును. బిడ్డలు లెక్కలలో వెనుకబడవచ్చును గాని ఇట్టి లెక్కలో వెనుకబడరు. పెద్దలు ఏ భాషను తేలికగా చూచుచున్నారో వారు వెంటనే గ్రహింతురు. "టీచర్, తెలుగుకు ఇరవై చాలు గదా!" అని నన్ను అడిగిన బాలికలు ఎందరో కలరు. వారిలో సోమరులు కొద్దిమందే. తక్కినవారు లోకము తమకు చెప్పిన మాటనే తిరిగి నాకు చెప్పిరి.

ఇక్కడ ఇంకొక భేదమును కూడ గమనింపవలెను. నాంపల్లి మార్కెట్టుయొద్ద పండ్లబండి నడుపువాని కుమార్తె యొకతె మా పాఠశాలలో చదివెను. సెలవుదినములలో తండ్రిప్రక్కన నిలువబడి హిందీలో బేరమాడి, చిల్లర లెక్కించి యిచ్చునది. అదే బాలిక హిందీ పరీక్షలో 'కా' వ్రాయవలసినచోట 'కీ' వ్రాసి, ముప్పది మార్కులు దాటలేకపోయెను. మరియొక బాలిక ప్రశ్నోత్తరములన్నియు కంఠస్థము చేసి ఎనుబది మార్కులు తెచ్చుకొనెను గాని, ఒక దినమున వచ్చిన అతిథి హిందీలో "మీ యిల్లు ఎక్కడ?" అని అడిగినప్పుడు తల వంచుకొని నిలిచెను. మొదటి బిడ్డకు వీధి భాష నిచ్చెను, పుస్తకము ఇయ్యలేదు. రెండవ బిడ్డకు పుస్తకము కలదు, మాటలాడుటకు మనిషి లేడు. కెనడా దేశపు పండితుడైన జిమ్ కమిన్స్ 1979లో ఈ రెండు నేర్పులను వేరుచేసి చూపెను. పరభాషలో సంభాషణకు బిడ్డలకు సుమారు రెండేండ్లు చాలుననియు, ఆ భాషలో పాఠములు చదివి ఆలోచించి వ్రాయుటకు అయిదేండ్లు గాని అంతకంటె ఎక్కువ గాని పట్టుననియు ఆయన పరిశోధనలవలన తెలిసినది. కావున బడియు వీధియు రెండును బిడ్డకు కావలెను. వీధి లేని బడి మూగతనము నిచ్చును. బడి లేని వీధి బిడ్డను బేరముదగ్గరనే నిలిపివేయును.

బిడ్డ నోరు మూతపడుటకు కారణమేమో తెలిసికొనగోరువారు మా నగరపు చరిత్రలోనికి కొంచెము వెనుకకు పోయి చూడవలెను. నిజాము రాజ్యములో 1884లో పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాష ఆయెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఫర్మానా వెలువడి, మరుసటి సంవత్సరము మా ప్రాంతముననే, బషీర్‌బాగులో, నిజాం కళాశాల ప్రక్కనున్న భవనములో తరగతులు మొదలాయెను. బోధన అంతయు ఉర్దూలో జరిగెను, ఇంగ్లీషు తప్పనిసరి భాషగా నుండెను. భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పుట గొప్ప ప్రయత్నమే. అయితే ఆ రాజ్యపు ప్రజలలో దాదాపు సగముమంది ఇంటిభాష తెలుగు. అది పెద్ద చదువులకు భాషగా నుండలేదు.

1921 నవంబరులో వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. మహర్షి కార్వే అధ్యక్షులుగా నుండిరి. ఇతర భాషలలో చేసిన ఉపన్యాసములను ఆ సభ ఓపికతో వినెను. ఆలంపల్లి వెంకటరామారావు అను వకీలు లేచి తెలుగులో మాటలాడ మొదలుపెట్టగానే సభలో గోల బయలుదేరెను, ఆయన మాట సాగనియ్యలేదు. గమనించుడి, అక్కడ కూర్చున్నవారు అజ్ఞానులు కారు, సంఘమును సంస్కరింపవచ్చిన విద్యావంతులు. వకీలుగా వాదించువాడే ఒక గదిలోని నవ్వులకు ఎదుట నిలువలేకపోయినప్పుడు, తొమ్మిదేండ్ల బిడ్డ యెట్లు నిలుచును?

ఆ అవమానము వ్యర్థము కాలేదు. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడుకొని ఆంధ్ర జనసంఘమునకు పునాది వేసిరి. వారిలో ఒకరైన మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికలకొరకు పాఠశాల స్థాపించిరి. తెలుగు మాధ్యమమునకు రాజ్యములో గుర్తింపు దొరకనందున, ఆ పాఠశాల పూనాలోని మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనెను. ఆ విశ్వవిద్యాలయమును స్థాపించినది ఆ మహర్షి కార్వేయే. తెలుగు మాట వినబడక పోయిన సభకు పెద్దయైనవాని సంస్థయే తెలుగు బాలికలకు ఆధారమాయెను. గదిలోని వాతావరణము మారవచ్చునని దీనివలన మనకు తెలియుచున్నది గదా.

అంతకు ముందే, 1901లో, సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడి, ప్రవేశ, విశారద మొదలైన తెలుగు పరీక్షలు నడిపెను. నేడు అది తెలంగాణ సారస్వత పరిషత్తు అను పేరిట బొగ్గులకుంటలో నున్నది. బడి ఇయ్యని చోటును ఈ సంస్థలు ఇచ్చినవి. సి. నారాయణరెడ్డిగారి సంగతి తీసికొనుడి. ఆయన సిరిసిల్లలోను, కరీంనగరులోను, తరువాత హైదరాబాదులోను, బి.ఎ. వరకు ఉర్దూ మాధ్యమములోనే చదివిరి. అయినను చిన్ననాట ఊరిలో హరికథలు, జంగము కథలు వినిరి. విద్యార్థిగా ఈ భాషానిలయములో తెలుగు గ్రంథములు చదివిరి. తరువాత తెలుగు కవిగా 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందిరి. ఉర్దూ చదువు ఆయన తెలుగును చంపలేదు. ఏలయనగా, తెలుగుకు గౌరవము దొరకు చోట్లు ఆయన చుట్టు ఉండెను. రెండు భాషలును ఆయనకు మిగిలెను.

ఇప్పుడు నేను కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పుదును. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట నాంపల్లి స్టేషనులో మూటలు మోయు హమాలీ యొకడు తన కుమార్తెను ఫీజు రాయితీతో ఇంగ్లీషు మాధ్యమపు అయిదవ తరగతిలో చేర్చెను. అంతవరకు ఆ పాప పాలమూరు ప్రాంతపు ఊరిబడిలో చదివినది. చేరిన రెండవ వారమున ఇంగ్లీషు పాఠము చదువుచు 'ఐలాండ్' అను మాటను, అక్షరములు ఎట్లున్నవో అట్లే, 'ఇస్‌లాండ్' అని చదివెను. తరగతి అంతయు నవ్వెను. చూచినయెడల ఆమె చదివినదానిలో న్యాయము కలదు. తెలుగులో వ్రాసిన అక్షరమును పలుకకుండ విడుచుట ఉండదు. కాని నవ్వినవారికి ఆ సంగతి ఎవరు చెప్పుదురు? ఆ దినమునుండి పాప నోరు మూసికొనెను. హాజరు పిలిచినప్పుడు చేయి ఎత్తుట తప్ప పలుకదు. దసరా సెలవులవరకు అట్లే గడచెను.

సెలవుల తరువాత ఒక సాయంకాలము ఆమె తండ్రి, నేను ఆ దారినే యింటికి పోవుదునని యెరిగి, స్టేషను రోడ్డుమీద నన్ను ఆపెను. "టీచరమ్మా, మా బిడ్డ బడిల నోరే తెరుస్తలేదంట. దానికి ఇంగిలీసు రాదంట. ఊరికి తోల్కపోయి మా అవ్వ దగ్గర ఇడిసిపెడ్త" అనెను. ఊరిలో అవ్వయొద్ద విడుచుట అనగా ఏమో నాకు తెలియును. చదువు ఆగును, పత్తిచేను మొదలగును, నాలుగైదేండ్లలో పెండ్లి జరుగును. "అన్నా, పాప ఇంట్లో మాట్లాడుతదా?" అని అడిగితిని. "ఇంట్లనా? ఆపితె ఆగదమ్మా!" అని నవ్వెను. "అట్లయితే ఆమెకు మాట ఉన్నది. సంక్రాంతి సెలవులదాకా ఓపిక పట్టు" అని వేడుకొంటిని. అతడు ఒప్పుకొనెను.

ఆ తరగతిలోనే బట్టల వర్తకుని కుమార్తె యొకతె యుండెను. మార్వాడీ కుటుంబము. ఇంగ్లీషులో నోటికి అడ్డులేదు. అయితే నా తెలుగు తరగతిలో ఆమెకు 'ళ' కారము పలుకదు. 'నీళ్ళు' అనుటకు 'నీల్లు' అనును. 'కళ్ళు', 'పెళ్ళి' అన్నియు అంతే. తెలుగు గంట వచ్చినదనిన ఆమెకు కడుపునొప్పి వచ్చునది. తరగతి ఉపాధ్యాయురాలితో మాటలాడి ఈ ఇద్దరిని ఒక బల్లమీద కూర్చుండబెట్టించితిని. మధ్యాహ్న భోజనము తరువాత అరగంట ఇద్దరును నా యొద్దకు వచ్చి చెరియొక పుస్తకమును చదివి వినిపింపవలెనని చెప్పితిని. ఇంగ్లీషు పుస్తకమునకు వర్తకుని కుమార్తె పంతులమ్మ. తెలుగు పుస్తకమునకు హమాలీ కుమార్తె పంతులమ్మ. నేను మాత్రము వినుచుందును.

మొదటి రెండు వారములు ఇంగ్లీషువంతు వచ్చినప్పుడు పాప గొణుగుటయే గాని గొంతెత్తి చదువలేదు. తెలుగువంతులో మాత్రము చెంగున ముందుకు వచ్చునది. ఒక దినము వర్తకుని కుమార్తె పదే పదే 'నీల్లు' అనుచుండగా, పాప ఓపిక పట్టలేక, తెలుగులో చెప్పిన అర్థము కాదని యెరిగి, వ్రేలితో తన నోటిలోపలికి చూపుచు, "నో, నో! టంగ్ అప్! టంగ్ అప్!" అని కేక వేసెను. ఆ పాఠశాలలో ఆమె తనంతట తాను పలికిన మొదటి ఇంగ్లీషు అదే. వ్యాకరణము లేదు, వాక్యము లేదు. కాని అందులో భయమును లేదు. ఇంగ్లీషు నేర్చుకొనుటకై ఆమె ఇంగ్లీషు మాటలాడలేదు. తన తెలుగును ఒక స్నేహితురాలికి ఇచ్చుటకై మాటలాడెను.

సంక్రాంతి నాటికి తండ్రి మరల ఊరి మాట ఎత్తలేదు. ఆ సంవత్సరాంతమున పాపకు ఇంగ్లీషులో మార్కులు అంతంతమాత్రమే వచ్చినవి. అందులో ఆశ్చర్యము లేదు, పుస్తకపు భాషకు కాలము కావలెనని పైన చెప్పుకొంటిమి. కాని దాహము వేసినప్పుడు అడుగుటకును, తెలియనిచోట మరల చెప్పుమనుటకును ఆమె వెనుకాడలేదు. అదే పాఠశాలలో పదవ తరగతి పూర్తిచేసెను. వర్తకుని కుమార్తెకు ళకారము వచ్చినది. అంతకంటె ముఖ్యముగా, తమ దుకాణములోని గుమాస్తాలతో తెలుగులో "అన్నా" అని మాటలాడుచున్నదని ఆమె తల్లి నాతో చెప్పెను.

తరువాత కొంతకాలమునకు లిలీ వాంగ్ ఫిల్మోర్ అను అమెరికా పండితురాలి పరిశోధనను గూర్చి చదివితిని. ఆమె 1970 దశకములో కాలిఫోర్నియాలో స్పానిషు మాటలాడు అయిదుగురు పిల్లలను, ఒక్కొక్కరిని ఇంగ్లీషు మాటలాడు ఒక్కొక్క తోడి బిడ్డతో జతచేసి, ఆటలలో వారి మాటలను ఒక విద్యాసంవత్సరము పరిశీలించెను. అయిదుగురిలో నోరా అను పేరిట చెప్పబడిన బాలిక తక్కినవారిని ఎంతో మించిపోయెను. స్నేహము చేయవలెనను ఆశ ఆమెకు ఎక్కువ. మాట పూర్తిగా తెలియకున్నను తెలిసిన నాలుగు ముక్కలతో ఆటలోనికి దూకునది. స్నేహము ముందు నడచెను, వ్యాకరణము దాని వెంట వచ్చెను.

ఇచట కొందరు ఒక ప్రశ్న వేయుదురు. "కెనడాలో ఇంగ్లీషు బిడ్డలను మొదటినుండియే ఫ్రెంచి మాధ్యమములో వేసిరి గదా, వారికి ఏ హానియు కలుగలేదు గదా, మన బిడ్డలకు మాత్రము ఇంగ్లీషు మాధ్యమమువలన బాధ యేమి?" అందురు. సంగతి నిజమే. మాంట్రియల్ ప్రక్కనున్న సెయింట్ లాంబర్ట్ అను చోట 1965లో ఈ ప్రయోగము మొదలాయెను. బిడ్డలు ఫ్రెంచి నేర్చుకొనిరి, వారి ఇంగ్లీషు చెడలేదు. అయితే దానిని పరిశీలించిన వాలెస్ లాంబర్ట్ పండితుడే ఒక హెచ్చరిక చేసెను. ఆ బిడ్డల యింటిభాష ఆ దేశములో గౌరవము పొందిన భాష. దానిని ఎవరును హేళన చేయరు. కావున రెండవ భాష వారికి అదనపు ఆస్తి ఆయెను. యింటిభాషకు గౌరవములేని బిడ్డకు అదే పద్ధతి అదనము కాక తీసివేత కావచ్చును. క్రొత్తది పూర్తిగా రాకముందే పాతది జారిపోవును. బోధనాపద్ధతి ఒక్కటే అయినను, చుట్టునున్న సంఘము వేరైనప్పుడు ఫలము వేరగును.

ఈ పత్రిక చదువరులకు పౌలు యెరూషలేములో బంధింపబడిన సంగతి తెలియును. పైయధికారితో ఆయన గ్రీకు భాషలో మాటలాడెను. మెట్లమీద నిలిచి జనసమూహముతో వారి హెబ్రీ భాషలో మాటలాడెను. అంతకు ముందు కేకలువేయుచుండిన జనము ఆ భాష విని మరి ఎక్కువ నిశ్శబ్దమాయెను. తన భాష వినబడినచోట మనుష్యుడు చెవి యొగ్గును. బిడ్డయు అట్లే. మాతృభాష మాటలాడినందుకు అపరాధపు సొమ్ము వసూలుచేయు పాఠశాలలు మన దేశములో నుండినవి. అట్టి శిక్షవలన బిడ్డ ఇంగ్లీషు నేర్చుకొనునా? ఊరకుండుట నేర్చుకొనును. ఊరకుండుటకు ఏ భాషయు అక్కరలేదు గదా.

2018లో తెలంగాణ శాసనసభ, రాష్ట్రమునందలి పాఠశాలలన్నిటిలో, అవి ఏ బోర్డుకు చెందినవైనను, పదవ తరగతివరకు తెలుగు నేర్పవలెనని చట్టము చేసినది. అది దశలవారీగా అమలునకు వచ్చినది. ఈ చట్టమును నేను సంతోషముతో ఆహ్వానించితిని. అయితే చట్టము తెలుగు పుస్తకమును బిడ్డ సంచిలోనికి తేగలదు, తెలుగు మాటలాడు స్నేహితురాలిని ఆమె ప్రక్కకు తేలేదు. ఆ పని మనది.

కావున తలిదండ్రులకును ఉపాధ్యాయులకును నా మనవి యిది. బిడ్డలను భాషనుబట్టి వేరు వేరు వరుసలలో కూర్చుండబెట్టకుడి. కలిపి కూర్చుండబెట్టుడి. కలిపినంతమాత్రమున చాలదు. ఒకరు ఎల్లప్పుడు ఇచ్చువారును, ఒకరు ఎల్లప్పుడు పుచ్చుకొనువారును అయినయెడల, కొంతకాలమునకు పుచ్చుకొనువారు ఇచ్చువారి పుస్తకపుసంచి మోయుట చూతుము. ప్రతి బిడ్డయు తన భాషనుండి ఏదో యొకటి ఎదుటివారికి నేర్పునట్లు చేయుడి. తప్పుపలికిన బిడ్డను చూచి నవ్వినప్పుడు, ఆ తప్పులోని న్యాయమును తరగతికి వివరింపుడి. "ఈ పాప అక్షరములను నమ్మి చదివినది, ఇంగ్లీషే ఇక్కడ అక్షరమును మింగినది" అని చెప్పినయెడల నవ్వినవారికిని పాఠము వచ్చును. ఇంటిలో బిడ్డతో రాని ఇంగ్లీషు మాటలాడుటకంటె, వచ్చిన భాషలో కథలు చెప్పుడి. ఆదివారము అబిడ్స్ కాలిబాటమీద పాత పుస్తకములు అమ్ముదురు. ఇంగ్లీషు పుస్తకము నొకటి కొనినప్పుడు తెలుగు పుస్తకము నొకటి కూడ కొని యిండు. మీ వాడలో వేరు భాష మాటలాడు కుటుంబమున్నయెడల పండుగనాడు పిండివంటలు పంపుడి, పిల్లలను కలిసి ఆడుకొననియ్యుడి. దానికి ఫీజు లేదు.

పొరుగువానిని ప్రేమింపవలెనని మనము బిడ్డలకు చిన్ననాటినుండి చెప్పుచున్నాము. పొరుగువాని మాట నేర్చుకొనుట ఆ ప్రేమలో మొదటి మెట్టు. అయితే తన మాటకు విలువ లేదని నమ్మిన బిడ్డ పొరుగువాని మాటను చేరదీయలేదు, దానికి భయపడును. మీ తరగతిలోనో, మీ యింటిప్రక్కనో, ఇంటిలో ఆపితే ఆగని బిడ్డ బడిలో నోరు మూసికొని యున్నదేమో చూడుడి. ఉన్నయెడల ఆమెకు ఏమి రాదో అడుగుటకు ముందు, ఏమి వచ్చునో అడుగుడి. ఆమె చెప్పినది విని, దానిని నేర్చుకొనుటకు ఎవరినైన ఆమె ప్రక్కన కూర్చుండబెట్టుడి.